క్రాకోవ్ మరియమాత గుడి: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలండ్‌లోని క్రాకోవ్‌కు చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన మనవాళ్ళు, వేసవిలో వాళ్ళను చూడడానికి వచ్చే అమ్మానాన్నలు ఊరు మొత్తంలో ముందుగా చూసేది నడిబొడ్డున ఉన్న ఎర్ర ఇటుకల గుడి. దాని గురించి నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్నింటికి రెండు మాటలు చాలు. కొన్నింటి దగ్గర నేను ఆగిపోతాను, ముఖ్యంగా పెద్ద పీఠం దగ్గర, అంటే పూజ జరిగే చోట వెనుక నిలబెట్టిన చెక్కడపు బొమ్మల దగ్గర. ఓపిక పట్టండి.

ఈ గుడి అసలు పేరేమిటి?

మరియమాత మోక్షారోపణ దేవాలయం, అంటే ఆమె పరలోకానికి చేర్చబడిన ఘట్టం పేరు పెట్టుకున్న గుడి. ఊళ్ళోవాళ్ళు మరియాత్స్కి అంటారు. "మరియమ్మది" అన్నట్టు. ఎవరిని దారి అడిగినా ఈ ఒక్క మాట చాలు. మోక్షారోపణ పండుగ ఆగస్టు 15న కాబట్టి ఆ రోజే గుడి పండుగ కూడా.

ఇది కేథడ్రలా?

కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బిషప్ గారి కేథడ్రల్ వావెల్ గుట్ట మీద, రాజుల కోట పక్కన ఉంది. రాజులకు కిరీటం పెట్టిందీ అక్కడే, వాళ్ళ సమాధులున్నదీ అక్కడే. మరియమాత గుడి మాత్రం విచారణ గుడి. అంటే ఊరి జనం పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని, చనిపోయినవాళ్ళను పక్కనే పాతిపెట్టుకున్న గుడి. 1962లో దీనికి బసిలికా హోదా వచ్చింది, ముఖ్యమైన గుళ్ళకు పాపుగారు ఇచ్చే గౌరవం అది. అయినా నేటికీ విచారణగానే నడుస్తోంది.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, గుడిలో మీరు చూసేవాటిలో చాలావరకు రాజులు కట్టించినవి కావు. వర్తకులు, చేతిపనివాళ్ళు, నగర సభ పెద్దలు కలిసి తమ డబ్బుతో చేయించుకున్నవి. గుట్ట మీద రాజు తన గుడికి ఎంత వైభవం తెచ్చుకుంటే, కింద ఊరివాళ్ళు తమ గుడికి అంత తేవాలనుకున్నారు. ఆ పట్టుదల మనసులో పెట్టుకుని లోపలికి వెళితే ప్రతి మూలా అర్థమవుతుంది.

ఎంత పాతది?

మొదటి గుడి 1220ల నాటిది. క్రాకోవ్ బిషప్ ఈవో ఒద్రోవాంజ్ స్థాపించారు. 1241లో తాతారుల (మంగోలుల) దాడిలో అది పాడైపోయింది. పదమూడో శతాబ్దం చివర్లో మళ్ళీ కట్టారు. ఇప్పుడు మనం చూసే రూపం ప్రధానంగా పద్నాలుగో శతాబ్దానిది. పీఠం ఉన్న పొడవాటి తూర్పు భాగాన్ని 1355-1365 మధ్య మికొవాయ్ వియెజీనెక్ అనే సంపన్న పురవాసి డబ్బుతో కట్టారు. జనం కూర్చునే మధ్యభాగాన్ని ఆ శతాబ్దం ముగిసేలోగా ఎత్తు పెంచారు. 1440లలో పీఠం మీది కప్పు కూలింది. బాగు చేయించారు. కొత్త కప్పు కింద పాత పీఠం సరిపోదని ఊరివాళ్ళకు అనిపించింది. ఆ కథ కిందకు వస్తుంది.

మైదానం చక్కటి చతురస్రం కదా, గుడి మాత్రం మూలకు వంకరగా ఎందుకు నిలబడింది?

మంచి ప్రశ్న. చాలామంది ఫొటోలు తీసుకుంటారు గానీ ఇది గమనించరు. క్రాకోవ్‌కు కొత్త పట్టణ హక్కులు వచ్చి, గళ్ళు గీసినట్టు వీధులు, రెండు వందల మీటర్ల చదరపు మైదానం వేసింది 1257లో. గుడి అప్పటికే అక్కడుంది. పీఠం తూర్పు ముఖంగా ఉండాలన్న పాత ఆనవాయితీ ప్రకారం కట్టిన గుడి అది. వీధులు వేసినవాళ్ళు తమ గీతలు గీసుకున్నారు గానీ గుడిని కదిలించలేదు. మైదానం మధ్యలో నిలబడి చూస్తే రెండు గోపురాల ముఖం కొంచెం పక్కకు తిరిగి మనల్ని చూస్తున్నట్టుంటుంది. ఊరికంటే గుడే ముందని చెప్పే సాక్ష్యం ఆ వంకర.

రెండు గోపురాలు సమానంగా ఎందుకు లేవు?

కథ ఒకటుంది, కారణం ఒకటుంది. రెండూ చెబుతాను.

కథ: ఇద్దరు అన్నదమ్ములు చెరో గోపురం కట్టడానికి ఒప్పుకున్నారట. అన్న కట్టే గోపురం ఎత్తుగా పోతుంటే తమ్ముడు ఈర్ష్యతో కత్తితో పొడిచి చంపేశాడట. తర్వాత పశ్చాత్తాపంతో తన గోపురం మీద నుంచే దూకి చనిపోయాడట. ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అన్నది చెప్పేవాళ్ళను బట్టి మారుతుంది. ఆ కత్తి ఇదేనంటూ మైదానం మధ్యలో ఉన్న సుకియెన్నిత్సే అనే బట్టల అంగడి నడవలో గొలుసుకు వేలాడే ఇనుప కత్తిని చూపిస్తారు. నిజానికి ఆ కత్తి దొంగలకు హెచ్చరిక. ఈ ఊళ్ళో తప్పు చేస్తే పట్టణ చట్టం కింద శిక్ష తప్పదని చెప్పడానికి వేలాడదీసింది.

కారణం: రెండు గోపురాలకూ పని వేరు. పొట్టిది, 69 మీటర్లది, గుడి గంటల కోసం. పొడవైనది, 82 మీటర్లది, నగరం కావలి కోసం వాడుకుంది. నిప్పు అంటుకున్నా, శత్రువు వస్తున్నా పైనుంచి చూసి ఊరికి చెప్పడానికి. కావలి గోపురం ఎత్తుగా ఉండాలి కదా. దాని మీది సూది శిఖరం 1478లో వేసింది. దాని చుట్టూ ఉన్న బంగారు పూత కిరీటం 1666లో వచ్చింది.

గంటకోసారి పైనుంచి వినిపించే బాకా మధ్యలో ఎందుకు తెగిపోతుంది?

దాన్ని హేయ్నౌ అంటారు. తెల్లవారుజాము అనే అర్థమున్న హంగేరియన్ మాట నుంచి వచ్చిన పేరు. కోట తలుపులు తెరిచేటప్పుడు, మూసేటప్పుడు కావలివాడు ఊదేవాడు. ఇప్పుడు పగలూ రాత్రీ ప్రతి గంటకూ ఊదుతారు, నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు. ముందు వావెల్ వైపు, రాజు కోసం. తర్వాత మైదానం వైపు, నగర పెద్దల కోసం. తర్వాత ఫ్లోరియన్ ద్వారం వైపు, ఊరికి వచ్చే అతిథుల కోసం. చివరిగా అగ్నిమాపక కేంద్రం వైపు. నాలుగుసార్లూ స్వరం మధ్యలోనే ఠక్కున ఆగిపోతుంది.

జనం చెప్పేది ఇది: 1241లో తాతారులు వస్తుంటే కావలివాడు బాకా ఊది ఊరిని లేపాడు. పాట పూర్తికాకముందే బాణం వచ్చి గొంతులో దిగింది. అందుకే నేటికీ అక్కడే ఆపుతారు. ఈ కథ నాకూ ఇష్టమే. కానీ ఇప్పుడున్న గోపురం 1241లో లేదు. గోపురం మీద బాకా ఊదే కావలివాడి ప్రస్తావన నగర పత్రాల్లో కనిపించేది 1392లో. బాణం కథ ప్రపంచమంతా పాకింది 1928లో ఒక అమెరికన్ రచయిత పిల్లల కోసం రాసిన నవల వల్ల.

కథను పక్కన పెట్టినా బాకా విలువ తగ్గదు. 1927 నుంచి మధ్యాహ్నం 12 గంటల హేయ్నౌను పోలిష్ రేడియో దేశమంతటికీ వినిపిస్తోంది. 1944 మే 18న ఇటలీలో మోంటే కస్సీనో మఠం శిథిలాల మీద పోలిష్ సైనికుడు ఎమిల్ చెఖ్ ఊదినది ఇదే స్వరం. సొంత ఊరికి అంత దూరంలో యుద్ధం చేస్తున్న కుర్రాళ్ళు గెలిచిన రోజున వినాలనుకున్నది తమ విచారణ గుడి గోపురం మీది బాకా.

లోపలికి వెళ్ళగానే ముందు ఏం చూడాలి?

పీఠం. మిగతావన్నీ తర్వాత.

ఆ పీఠం ఎవరు చేశారు? ఎవరు చేయించారు?

చేసినవాడు వీట్ స్త్వోష్. పోలిష్‌లో పలికే తీరు ఇది. జర్మన్‌లో ఫైట్ ష్టోస్. 1440ల చివర్లో దక్షిణ జర్మనీలోని హోర్బ్‌లో పుట్టాడు. న్యూరెంబర్గ్‌లో పౌరసత్వం ఉన్నవాడు, 1477లో దాన్ని వదులుకుని ఈ పని కోసం క్రాకోవ్ వచ్చాడు. పన్నెండేళ్ళు పట్టింది. 1489లో పూర్తయింది.

చేయించినది ఊరు. రాజు కాదు. ఖర్చు 2808 ఫ్లోరిన్లు. ఆనాటి నగరం ఒక ఏడాది మొత్తం ఖర్చుకు దగ్గరగా ఉన్న సొమ్ము అని చెబుతారు. జనం వేసిన విరాళాలతో పోగైంది. శిల్పి పనితనం చూసి 1483లో నగర సభ అతనికి పన్నులు మాఫీ చేసింది. ఇంత డబ్బు, ఇంత ఓపిక ఒక విచారణ గుడి కోసం పెట్టిన ఊళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ.

పీఠం ఎత్తు సుమారు 13 మీటర్లు, వెడల్పు 11. నాలుగంతస్తుల ఇంటి ఎత్తు అనుకోండి. చట్రం ఓక్ కర్రతో, వెనుక పలకలు లార్చ్ కర్రతో, బొమ్మలు లిండెన్ కర్రతో చేశారు. కొండపల్లి బొమ్మలకు పొణికి కర్ర ఎలాగో ఆ ప్రాంతపు శిల్పులకు లిండెన్ అలాగ. మెత్తగా ఉంటుంది, ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, వెంట్రుకంత గీత కూడా నిలుస్తుంది. పెద్ద బొమ్మలు దాదాపు 2.7 మీటర్ల ఎత్తు. అంత లావు దుంగ ఆరేటప్పుడు లోపలి చేవ ఒకలా, పైభాగం ఒకలా కుంచించుకుని పగులుతుంది. అందుకే వెనుకవైపు తొలిచి డొల్ల చేస్తారు. ముందు నుంచి చూస్తే నిండు మనిషి. వెనుక నుంచి చూస్తే పడవలాగా ఖాళీ.

పీఠంలో ఉన్న కథ ఏమిటి? ఎటు నుంచి చూడాలి?

మధ్య నుంచి మొదలుపెట్టండి. మరియమాత ఈ లోకం విడిచే ఘడియ అది. పడుకుని లేదు, మంచం లేదు. మోకాళ్ళ మీద ప్రార్థిస్తూనే ఒరిగిపోతోంది. చేతులు అలా వాలిపోతున్నాయి. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంటుంది. వెనుక నుంచి ఒక అపోస్తలుడు, పునీత యాకోబు అంటారు, ఆమెను పట్టుకున్నాడు. ఆ చేతులు చూడండి. పెద్దవి, నరాలు తేలినవి, జీవితమంతా కష్టం చేసినవాడివి. అంత బలమైన చేతులూ ఆమెను గట్టిగా పట్టుకోవడానికి జంకుతున్నట్టున్నాయి. ఆమె తల పైన ఇంకో అపోస్తలుడు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళలో వేళ్ళు పెనవేసి మెలితిప్పుతున్నాడు. మన ఇళ్ళల్లో చావు కబురు విన్నప్పుడు పెద్దవాళ్ళు నోట మాట రాక చేతులు పిసుక్కుంటారే, అచ్చం అలాగ. నేను ప్రతిసారీ ఆ వేళ్ళ దగ్గరే ఆగిపోతాను. ఆ రెండు చేతుల్లో ఒక ఇంటి దుఃఖమంతా ఉంది.

ఇప్పుడు కళ్ళు కొంచెం పైకెత్తండి. బంగారు కిరణాల మధ్య క్రీస్తు తన తల్లిని పరలోకానికి తీసుకువెళుతున్నాడు. ఇంకా పైకి, పీఠం శిఖరాన, త్రిత్వం ఆమెకు కిరీటం పెడుతోంది. ఇరువైపులా పోలండ్ పాలక పునీతులు, స్తానిస్వాఫ్, వోయ్‌చెఖ్ నిలబడి ఉన్నారు. అంటే కింద మరణం, మధ్యలో మోక్షారోపణం, పైన కిరీటం. చూపు ఎంత పైకి పోతే కథ అంత ముందుకు పోతుంది. అన్నిటికంటే కింద, పీఠం పాదం దగ్గర, దావీదు రాజు తండ్రి యెష్షయి వంశవృక్షం. ఆమె ఏ వేరు నుంచి వచ్చిందో చెప్పే చోటు.

ఇక రెక్కలు, అంటే పీఠానికి ఇరువైపులా తలుపుల్లా మూసి తెరిచే పలకలు. ఎడమవైపు పై నుంచి కిందికి మంగళవార్త (దేవదూత మరియమ్మకు కబురు చెప్పడం), క్రీస్తు జననం, జ్ఞానుల ఆరాధన. కుడివైపు క్రీస్తు పునరుత్థానం, ఆయన మోక్షారోహణం, పవిత్రాత్మ రాకడ. జపమాల చెప్పేవాళ్ళకు ఇవి కొత్తవి కావు. రహస్యాలు వరుసగా గుర్తొస్తాయి.

రెక్కలు మూసి ఉంటే ఏం కనిపిస్తుంది?

పన్నెండు చిన్న దృశ్యాలు. మరియమాత తల్లిదండ్రుల కథ, ఆమె పుట్టుక, గుడిలో అప్పగించడం దగ్గర మొదలై ప్రభువు బంధింపబడడం, సిలువ, సమాధి, మగ్దలా మరియకు కనిపించడం వరకు. చాలామంది మూసి ఉంటే నిరాశపడతారు, అలా పడకండి. ఈ పలకల్లో ఆనాటి జనం కట్టూబొట్టూ, ఇంటి సామాను, చెట్లూ చేమలూ ఉన్నాయి. శిల్పి యెరూషలేమును చూడలేదు. తన చుట్టూ ఉన్న ఇళ్ళనే చూశాడు, వాటినే చెక్కాడు.

రోజూ మధ్యాహ్నానికి కాస్త ముందు, 11:50 ప్రాంతంలో ఒక సిస్టర్ వచ్చి రెక్కలు తెరుస్తారు. వీలైతే ఆ సమయానికి పది నిమిషాల ముందే వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. మూసిన పీఠంలో బొమ్మలు చిన్నవి, రంగు తక్కువ. రెక్కలు తెరుచుకోగానే ఆ బంగారమూ నీలమూ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. అరగంట ఆలస్యంగా వెళితే అదే పీఠం చూస్తారు గానీ ఆ క్షణం పోతుంది.

అపోస్తలుల మొహాలు పునీతుల్లా కాకుండా మామూలు మనుషుల్లా ఉన్నాయేం?

మామూలు మనుషులు కాబట్టే. మడతలు పడిన మెడలు, వంకర ముక్కులు, ఉబ్బిన నరాల కాళ్ళు, వేళ్ళ కణుపుల వాపులు. 1933లో ఫ్రాంచిషెక్ వాల్టర్ అనే క్రాకోవ్ చర్మవైద్యుడు ఈ బొమ్మలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఎవరి ఒంటి మీద ఏ జబ్బు ఆనవాళ్ళున్నాయో రాశారు. వైద్యుడు చూసి జబ్బు పేరు చెప్పగలిగేంత నిజంగా చెక్కాడు స్త్వోష్. ఈ మైదానంలో తిరిగిన మనుషులనే నమూనాలుగా పెట్టుకున్నాడని ఇక్కడివాళ్ళు నమ్ముతారు.

నాకు ఇందులో కనిపించేది ఒకటే. డబ్బిచ్చిన ఊరు తన మొహాన్నే పీఠం మీద చూసుకుంది. తన పక్కింటి ముసలాయన లాంటి మనిషి మరియమాతను పట్టుకుని ఉంటే, ఆ పూజలో కూర్చున్నవాడికి అది ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతిలా అనిపించదు.

మరియమాత మరణించినట్టు చూపడం మన విశ్వాసానికి విరుద్ధం కాదా?

మన విచారణల్లో పెరిగినవాళ్ళు తరచూ అడుగుతారు ఇది. కాదు. ఆమె ఆత్మ శరీరాలతో మోక్షానికి చేర్చబడిందన్నది 1950లో పన్నెండో భక్తినాథ (పయస్) పాపుగారు విశ్వాస సత్యంగా ప్రకటించారు. ఆ ప్రకటనలో "ఈ లోక జీవితం ముగిశాక" అన్నారు తప్ప ఆమె మరణించిందా లేదా అన్నది తేల్చలేదు. తూర్పు సంఘాల్లో ఈ ఘట్టాన్ని ఎప్పటినుంచో నిద్ర అంటారు. పోలిష్‌లో కూడా ఈ దృశ్యానికి నిద్రపోవడం అనే మాటే వాడతారు. ఆమె మొహం చూశాక ఆ మాట ఎంత సరైనదో తెలుస్తుంది.

పీఠం పూర్తయ్యాక శిల్పి ఏమయ్యాడు?

కొన్నేళ్ళు ఇక్కడే ఉన్నాడు. ఇదే గుడిలో కుడివైపు నడవ చివర ఉన్న రాతి సిలువ అతనిదే. టంకశాల అధికారి హెన్రిక్ స్లాకర్ చేయించాడు. లిండెన్ కర్రలో చేసిన పని ఇసుకరాయిలో కూడా చేయగలనని చూపించాడు అక్కడ. వావెల్ కేథడ్రల్‌లో రాజు నాలుగో కాజిమిర్ సమాధి కూడా ఇతని చెక్కడమే.

1496లో న్యూరెంబర్గ్ తిరిగి వెళ్ళాడు. అక్కడ ఒక వ్యాపారంలో పెట్టిన డబ్బు మోసంలో పోయింది. దాన్ని రాబట్టుకోవడానికి దొంగ పత్రం సృష్టించి దొరికిపోయాడు. 1503లో రెండు బుగ్గల మీదా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారు. ఊరు దాటి వెళ్ళకూడదన్నారు. ఇంత పని చేసిన మనిషికి అలాంటి రోజు వచ్చిందని తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. అయినా ఉలి వదల్లేదు. ఆ తర్వాతే న్యూరెంబర్గ్‌లోని పునీత లారెన్స్ గుడిలో పైకప్పు నుంచి వేలాడే మంగళవార్త శిల్పం చేశాడు. 1533లో చనిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో పీఠాన్ని ఎత్తుకుపోయారన్నది నిజమా?

నిజం. యుద్ధం తప్పదని తెలిసి 1939 వేసవి చివర్లో పీఠాన్ని విప్పారు. కళా చరిత్రకారుడు కరోల్ ఎస్త్రైఖర్ ఈ పనికి పూనుకున్నారు. పెద్ద బొమ్మలను పెట్టెల్లో సర్ది, విస్తులా నది మీద పడవలో సాందోమియెష్‌కు పంపి దాచారు. ఆ పెట్టెలు ఎక్కడున్నాయో జర్మన్లు కనిపెట్టారు. ముందు బెర్లిన్‌కు, తర్వాత న్యూరెంబర్గ్‌కు తరలించారు. శిల్పి మా ఊరివాడు కాబట్టి పీఠమూ మాదేనన్నది వాళ్ళ వాదన. డబ్బు పోసి, పన్నెండేళ్ళు ఓపిక పట్టి, 450 ఏళ్ళు దాని ముందు మోకరించిన ఊరిది కాదన్నమాట.

న్యూరెంబర్గ్ మీద బాంబులు పడి ఊరు నేలమట్టమైనప్పుడు పీఠం కోట కింది సొరంగంలో ఉండడం వల్ల బతికింది. 1945లో అమెరికన్ సైన్యం చేతికి వచ్చింది. 1946 ఏప్రిల్ 30న ఎస్త్రైఖర్ ప్రత్యేక రైల్లో దాన్ని క్రాకోవ్‌కు తీసుకొచ్చారు. లియోనార్దో గీసిన, చేతిలో ఎర్మిన్ అనే చిన్న జంతువును పట్టుకున్న యువతి చిత్రం కూడా అదే రైల్లో తిరిగొచ్చింది.

అయినా గుడికి వెంటనే చేరలేదు. బాగుచేసి వావెల్ కోటలో ప్రదర్శనకు పెట్టారు. విచారణకు తిరిగి వచ్చింది 1957లో. అంటే ఈ గుడి జనం పద్దెనిమిదేళ్ళు తమ పీఠం లేకుండా దివ్యపూజకు వచ్చారు. ఈ మధ్య 2015 నుంచి 2021 వరకు మళ్ళీ ప్రతి అంగుళమూ శుభ్రం చేసి బాగుచేశారు. ఈసారి మాత్రం గుడి నుంచి కదిలించకుండా, అక్కడే పరంజా కట్టి చేశారు.

గోడల మీది రంగులు కూడా మధ్యయుగానివేనా?

కావు. 1889-1891 మధ్య వేసినవి. యాన్ మతేయ్కో అనే ప్రసిద్ధ పోలిష్ చిత్రకారుడి రూపకల్పన. ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళలో స్తానిస్వావ్ విస్ప్యాన్‌స్కి, యూజెఫ్ మెహోఫర్ ఉన్నారు. తర్వాత ఇద్దరూ ఆయనంత పేరు తెచ్చుకున్నారు. పడమర గోపురాల మధ్య ఉన్న పెద్ద కిటికీ రంగు అద్దాలు ఆ ఇద్దరివే.

పీఠం ఇరువైపులా గోడల మీద దేవదూతలు వరుసగా ఉంటారు, చేతుల్లో చుట్టలు విప్పిన పత్రాలతో. వాటి మీద రాసినవి లొరెటో మాత ప్రార్థనలోని బిరుదులు. మన గుళ్ళలో జపమాల తర్వాత ఒకరు బిరుదు చదువుతుంటే మిగతావాళ్ళం "మా కొరకు ప్రార్థించండి" అంటాం కదా, ఆ బిరుదులే లాటిన్‌లో. భాష రాకపోయినా "స్టెల్లా" అన్న మాట కనిపిస్తే అది ఉదయకాల నక్షత్రమని పోల్చుకోవచ్చు. కప్పు నీలం మీద బంగారు చుక్కలు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

పీఠం కాక ఇంకేమున్నాయి?

పీఠం వెనుక పొడవాటి కిటికీల్లో పద్నాలుగో శతాబ్దపు రంగు అద్దాలు మిగిలి ఉన్నాయి. వెలుగు బాగా ఉన్న ఉదయం చూడాలి. ఇటలీ శిల్పి పదొవానో పదహారో శతాబ్దంలో చేసిన దివ్యసత్ప్రసాద మందసం, వెనిస్ చిత్రకారుడు పియాత్సెత్తా గీసిన మంగళవార్త, మోంతెలూపి, చెల్లారి అనే ఇటలీ కుటుంబాల సమాధులు ఉన్నాయి. ఈ కుటుంబాలు వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డవి.

నాకు వీటన్నిటికంటే మనసుకు తగిలేవి రెండు. ఒకటి, ప్రవేశం దగ్గరున్న పునీత అంతోనివారి చిన్న గుడి. మరణశిక్ష పడ్డవాళ్ళు తమ చివరి రాత్రి అక్కడ గడిపేవారు. రెండోది, పక్క తలుపు దగ్గర గోడకు బిగించిన ఇనుప సంకెళ్ళు. తప్పు చేసినవాళ్ళను మెడకు తగిలించి, పూజకు వచ్చేపోయే జనం ముందు నిలబెట్టేవారు. ఆ ఇనుము మెడ ఎత్తులో, నునుపుగా, నల్లగా ఉంటుంది. ఊరు తన పండుగలతో పాటు తన శిక్షలనూ ఈ గుడి గోడకే తగిలించింది. దాచిపెట్టకుండా అలాగే ఉంచడం మంచి పని అనుకుంటాను.

ఇక్కడ జర్మన్‌లో ప్రసంగాలు చెప్పేవారంటారు, నిజమేనా?

అవును. మధ్యయుగంలో క్రాకోవ్ వర్తకుల్లో చాలామంది జర్మన్ మాట్లాడేవారే. పెద్ద ప్రసంగం వాళ్ళ భాషలోనే ఉండేది. 1537లో రాజు మొదటి జిగ్మున్త్ ఇక్కడ పోలిష్‌లో ప్రసంగించాలని, జర్మన్ ప్రసంగాలు పక్కనే ఉన్న పునీత బార్బరా గుడికి మార్చాలని ఆదేశించాడు. రెండు గుళ్ళూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి.

చూడడానికి వెళ్ళేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

మైదానం వైపున్న ముందు తలుపు ప్రార్థనకు వచ్చేవాళ్ళది. చూడడానికి వచ్చేవాళ్ళు టికెట్ తీసుకుని దక్షిణం వైపు పక్క తలుపులోంచి వెళ్ళాలి. ప్రార్థన చేసుకోవడానికి వెళితే టికెట్ అక్కర్లేదు. అలాగని చెప్పి లోపలికి వెళ్ళి ఫొటోలు తీయడం మాత్రం బాగుండదు. ఆదివారం ఉదయమంతా పూజలే ఉంటాయి కాబట్టి చూడడానికి వారం మధ్యలో వెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి. వేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళకు శాలువా ఉంచండి.

చిన్నపిల్లలకు విసుగు పుట్టదా?

పీఠం ముందు పదిహేను నిమిషాలకు మించి కూర్చోరు. వాళ్ళకు ఒక పని అప్పగించండి: అపోస్తలులు పన్నెండు మందీ ఉన్నారా లెక్కపెట్టమనండి. తర్వాత 12 గంటలకు బయటికి తీసుకొచ్చి పొడవైన గోపురం వైపు చూడమనండి. కిటికీలోంచి బంగారు రంగు బాకా బయటికి వస్తుంది. ఊదుతాడు, మధ్యలో ఆగుతాడు, కిటికీ మారుస్తాడు. ఊదే ఆయన అగ్నిమాపక దళం మనిషి. అలా చూస్తూ చెయ్యి ఊపమనండి. 54 మీటర్ల ఎత్తు నుంచి ఆయన కూడా చెయ్యి ఊపుతాడు.